రెండు కోర్ల పెంటియంతో షాపు పని లాగించడం ఎలా

నల్గొండలో మాది డీటీపీ, జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. ముందు టేబుల్ మీదున్న సిస్టమ్‌లో ఇంటెల్ పెంటియం గోల్డ్ జీ5400 ప్రాసెసర్ ఉంది, అందులో పని చేసే భాగాలు, అంటే కోర్లు, రెండే. కంప్యూటర్ల గురించి కాస్త తెలిసినవాళ్లు చూసి "డ్యూయల్ కోరా? ఇంకా దీంతోనేనా అక్కా?" అంటారు. దీంతోనే. శుభలేఖలు, ఫ్లెక్సీలు, పాస్‌పోర్ట్ ఫొటోలు, కౌన్సెలింగ్ ఆప్షన్లు, 200 కేబీకి దించాల్సిన సర్టిఫికెట్ స్కాన్లు, అన్నీ దీని మీదే నడుస్తాయి. ఇలాంటి సిస్టమ్ ఇంట్లోనో షాపులోనో ఉన్నవాళ్లు, సెకండ్‌హ్యాండ్‌లో కొందామనుకునేవాళ్లు ఏం చూసుకోవాలి, ఎక్కడ డబ్బు పెట్టాలి, ఎక్కడ ఆశ వదులుకోవాలి అన్నది నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

ముందు మీది ఏ డ్యూయల్ కోరో చూడండి

అమ్మేవాళ్ల నోట "డ్యూయల్ కోర్" అనే మాటకు హద్దూ అదుపూ లేదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో 2008 నాటి ఈ5200ని చూపించినా డ్యూయల్ కోరే అంటారు, 2018లో వచ్చిన జీ5400ని చూపించినా డ్యూయల్ కోరే అంటారు. మొదటిది 2.5 గిగాహెర్ట్జ్‌తో పాత 775 సాకెట్ (బోర్డు మీద చిప్ కూర్చునే చోటు) మీద నడిచేది. రెండోది 3.7 గిగాహెర్ట్జ్, 4 ఎంబీ క్యాష్, డీడీఆర్4 ర్యామ్. పైగా దీనికి హైపర్ థ్రెడింగ్ ఉంది కాబట్టి విండోస్ కంటికి నాలుగు ప్రాసెసర్లుగా కనిపిస్తుంది. ఇద్దరు వంటవాళ్లకు నాలుగు పొయ్యిలు ఇచ్చినట్టన్నమాట. ఒక గిన్నె మరిగేలోపు పక్క గిన్నె కలుపుతారు, అంతేగానీ నలుగురు వంటవాళ్లు చేసినంత వంట కాదు.

కొనేముందు సిస్టమ్ ఆన్ చేయించి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కుడివైపు పైన చిప్ అసలు పేరు, కింద కోర్లు ఎన్ని, లాజికల్ ప్రాసెసర్లు ఎన్ని అని ఉంటాయి. 2, 4 అని ఉంటే రోజువారీ పనికి పనికొచ్చే రకం. 2, 2 అని ఉంటే జీ3220, జీ4400 లాంటివో సెలెరాన్లో అయి ఉంటాయి. బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిచేసరికి అవి ఆయాసపడతాయి.

ఇంకో మెలిక ఉంది. 2017లో వచ్చిన జీ4560కి కూడా రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు (విండోస్ కంటికి కనిపించే ప్రాసెసర్లు), 3.5 గిగాహెర్ట్జ్. చేత్తో పని చేస్తుంటే దానికీ జీ5400కీ తేడా పెద్దగా తెలియదు. కానీ మైక్రోసాఫ్ట్ లెక్కలో ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే విండోస్ 11కి అర్హత. జీ4560 ఏడో తరంది కాబట్టి అది బయటే ఉండిపోయింది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. నా సిస్టమ్‌లో జనాల ఆధార్ కాపీలు, బ్యాంక్ పాస్‌బుక్‌లు స్కాన్ అవుతుంటాయి, సెక్యూరిటీ అప్‌డేట్లు రాని విండోస్ మీద ఆ పని చేయడం నాకిష్టం లేదు. ఈ5200 కాలం చిప్‌లైతే విండోస్ 11 కొత్త వెర్షన్, అంటే 24హెచ్2, బూట్ కూడా కాదు. అది అడిగే కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు ఆ చిప్‌లలో లేనే లేవు. జీ5400 ఉండీ విండోస్ 11 "టీపీఎం లేదు" అంటే, అంటే అది అడిగే సెక్యూరిటీ భాగం లేదంటే, కంగారుపడి ఏమీ కొనకండి. బయాస్‌లోకి (విండోస్ లేవకముందు వచ్చే బోర్డు సెట్టింగ్స్‌లోకి) వెళ్లి పీటీటీ అనే ఆప్షన్ ఆన్ చేస్తే సరిపోతుంది. చాలా బోర్డుల్లో అది ఆఫ్‌లో ఉండిపోతుంది.

ఏఎండీ వైపు దీనికి జోడీ అథ్లాన్ 3000జీ. 2019 నవంబర్‌లో వచ్చింది, అదీ రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లే, 3.5 గిగాహెర్ట్జ్, 35 వాట్లు. దాన్లోని వేగా 3 గ్రాఫిక్స్ ఇంటెల్ దానికంటే మెరుగు. కింద చెప్పే చాలా సంగతులు దానికీ వర్తిస్తాయి.

స్లో అంటే ఏది స్లో?

"అక్కా, సిస్టమ్ మస్తు స్లో అయింది, ప్రాసెసర్ మార్పియ్యాల్నా?" అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. స్లో అయినప్పుడు రీస్టార్ట్ కొట్టకండి, టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ నాలుగూ చూడండి. ఏది నిండిపోయిందో దాన్నే అనాలి.

డిస్క్ 100 శాతంలో ఉండి సీపీయూ 15, 20లో తిరుగుతుంటే దోషం హార్డ్‌డిస్క్‌ది. నేను చూసిన "స్లో డ్యూయల్ కోర్"లలో ఎక్కువ భాగం ఇదే. లెక్క చూడండి. 7200 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్ల పైన. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు, 4 మిల్లీసెకన్లు. హెడ్ జరగడానికి మరో 8, 9. మొత్తం 12, 13 మిల్లీసెకన్లు. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు 80కి అటూ ఇటూ మాత్రమే చదవగలదు. విండోస్ లేచేటప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్లు చదువుతుంది. తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ, మామూలు సాటా రకమైనా సరే, ఇదే పనిని సెకనుకు పదుల వేలసార్లు చేస్తుంది. ఈ తేడా ముందు రెండు కోర్లా, ఆరు కోర్లా అన్న చర్చే రాదు. హార్డ్‌డిస్క్‌తో నడిచే ఐ5 పక్కన ఎస్‌ఎస్‌డీ ఉన్న నా పెంటియం పెట్టి చూడండి, వర్డ్ ఏది ముందు తెరుచుకుంటుందో.

ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు బోర్డు మీది ఎం.2 స్లాట్‌లో గుచ్చే ఖరీదైన ఎన్‌వీఎంఈ రకం జోలికి పోకండి. జీ5400తో వచ్చేవి ఎక్కువగా హెచ్310 బోర్డులు. వాటి చిప్‌సెట్ ఇచ్చేది పీసీఐఈ 2.0 అనే పాత, నిదానమైన దారి మాత్రమే. పెట్టెమీద రాసిన వేగం మీకు దక్కదు, కొన్ని బోర్డుల ఎం.2 స్లాట్ అయితే సాటా రకాన్ని తప్ప తీసుకోదు. మామూలు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ చాలు. పాత డిస్క్‌ని క్లోన్ చేసే (ఉన్నదున్నట్టు కాపీ చేసే) బదులు విండోస్ కొత్తగా వేయించుకోండి, ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త కొత్త ఇంటికి ఎందుకు? ముందుగా తెలుగు కంపోజింగ్‌కి వాడే అను ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు, స్కానర్ సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టుకోండి. పాత డిస్క్ పారేయక్కర్లేదు. నేను దాన్ని రెండో డ్రైవ్‌గా పెట్టి కస్టమర్ల పాత ఫైళ్లు అందులో ఉంచుతాను. పోయినేడు వేయించుకున్న శుభలేఖ ఫైలు ఈ ఏడు తమ్ముడి పెళ్లికి అడుగుతారు మరి.

మెమరీ 85, 90 శాతం దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదు. ఇలాంటి సిస్టమ్‌లు చాలావరకు 4 జీబీ ఒక్క ముక్కతో అమ్ముడయ్యాయి. విండోస్ 11 పేపర్ మీద 4 జీబీ చాలంటుంది. క్రోమ్ తెరిచాక చాలదు. 8 జీబీ కనీసం, డిజైన్ పని ఉంటే 16. రెండు ముక్కలుగా వేయండి. ఎందుకంటే ఇందులో గ్రాఫిక్స్ కూడా అదే ర్యామ్‌ని వాడుకుంటుంది. డీడీఆర్4 2400 ఒక్క ముక్క సెకనుకు 19.2 జీబీ ఇస్తే, రెండు ముక్కలు 38.4 ఇస్తాయి. ఉన్న 4 జీబీకి 8 జీబీ జతచేసినా ఫర్వాలేదు, రెండింట్లో సమానంగా ఉన్న 4, 4 జీబీలు జంటగా, మిగిలిన 4 ఒంటరిగా పనిచేస్తాయి. 3200 స్పీడ్ ర్యామ్ అని ఎక్కువ డబ్బు మాత్రం పెట్టకండి. ఈ చిప్ దాన్ని 2400కే పరిగెత్తిస్తుంది.

నాలుగూ ప్రశాంతంగా ఉండి పేజీ మాత్రం గుండ్రంగా తిరుగుతూ ఉంటే? అవతలి సర్వర్ పడుకుందని అర్థం. ఆఖరి తేదీ రోజున ఏ సైట్ అయినా అంతే. ఆ రోజు లైన్‌లో నిలబడ్డవాళ్లందరూ నా సిస్టమ్ వైపే కోపంగా చూస్తారు. వాళ్లకు నమ్మకం కుదరాలంటే టాస్క్ మేనేజర్ చూపించడం కంటే, అదే సైట్ వాళ్ల ఫోన్‌లో తెరవమనడం తేలిక.

25 శాతం దగ్గర ఆగిపోయే గీత

ఇది మాత్రం నిదానంగా చదవండి, చాలామంది ఇక్కడే పొరబడతారు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ బిగుసుకుపోయింది, టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 25 శాతమే చూపిస్తోంది. "ప్రాసెసర్‌లో ముప్పావు భాగం ఖాళీగా ఉంది కదా, మరి ఎందుకు ఆగింది?" అనిపిస్తుంది. విండోస్ లెక్కలో నాలుగు లాజికల్ ప్రాసెసర్లు కలిపి 100. ఒక ప్రోగ్రామ్ ఒకే థ్రెడ్ మీద పనిచేసేదైతే అది ఎంత గింజుకున్నా ఒక్కదాన్నే నింపగలదు, అంటే 25. గీత అక్కడ బల్లపరుపుగా నిలిచిపోయిందంటే ఆ ప్రోగ్రామ్ తన శక్తినంతా పెట్టేసిందన్నమాట. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లు విడివిడిగా చూపించమంటే ఇంకా బాగా తెలుస్తుంది.

మా డీటీపీ లోకానికి ఇది ఒక రకంగా వరమే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఫొటోషాప్ 7 వచ్చింది 2002లో. డెస్క్‌టాప్‌లో రెండు కోర్ల చిప్‌లు మొదలైందే 2005లో. అను ఫాంట్లతో కరపత్రం కంపోజ్ చేయడానికి ఎన్ని కోర్లున్నా పేజ్‌మేకర్ వాడేది ఒకటే, దానికి కావలసింది ఒక్క కోర్ వేగం. జీ5400కి టర్బో (పని పెరిగితే వేగం పెంచుకునే గుణం) లేదు, ఎప్పుడైనా 3.7 దగ్గరే. ఆ కాలపు సాఫ్ట్‌వేర్‌కి అది కావలసినంత కంటే ఎక్కువ. పేజ్‌మేకర్ కోసమే ఎనిమిది కోర్ల సిస్టమ్ కొంటానని వచ్చినవాళ్లను నేను వెనక్కి పంపిస్తాను.

ఫ్లెక్సీ దగ్గర లెక్క మారుతుంది. 10 అడుగులు, 6 అడుగుల బ్యానర్ 72 డీపీఐలో చేశామనుకోండి. 8,640 పిక్సెల్స్ వెడల్పు, 5,184 ఎత్తు, మొత్తం దాదాపు 4.48 కోట్ల పిక్సెల్స్. సీఎంవైకేలో పిక్సెల్‌కి 4 బైట్లు, అంటే బ్యానర్ అంతా నిండిన ఒక్కో లేయర్ దాదాపు 179 ఎంబీ. నాయకుడి ఫొటో, ఆయన పైన నాయకుడి ఫొటో, కింద అనుచరుల ఫొటోలు, వెనక పూల డిజైన్... ఆరేడు పెద్ద లేయర్లకే జీబీ దాటిపోతుంది. ఇక్కడ ఆగేది ప్రాసెసర్ వల్ల కాదు, మెమరీ వల్ల. పైగా ఫొటోషాప్ 7 లాంటి 32 బిట్ ప్రోగ్రామ్ 2 జీబీకి మించి ర్యామ్ తీసుకోలేదు. మీరు 16 జీబీ వేసినా దానికి అందదు, మిగతాదంతా స్క్రాచ్ డిస్క్‌లోకి, అంటే ఫొటోషాప్ తాత్కాలికంగా వాడుకునే డ్రైవ్‌లోకి, పోతుంది. కాబట్టి ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్‌ని ఎస్‌ఎస్‌డీ ఉన్న డ్రైవ్‌కి మార్చండి. బ్యానర్‌లో పెట్టాల్సిన ఫొటోలను ఒక్కొక్కటీ వాటి వాటి ఫైళ్లలో కట్ చేసుకుని, సైజు తగ్గించాకే బ్యానర్‌లోకి లాగండి. ఈ రెండూ పాటిస్తే రెండు కోర్ల మీద ఫ్లెక్సీ హాయిగా అవుతుంది. బ్లర్, షార్పెన్ లాంటి ఫిల్టర్ మొత్తం బ్యానర్‌కి కొట్టినప్పుడు మాత్రం కాసేపు ఆగాల్సిందే, అది నిజంగా ప్రాసెసర్ పని.

రెండు బరువులు ఒకేసారి పడకుండా

ఇంతవరకు ప్రాసెసర్‌ని వెనకేసుకొచ్చాను. దాని అసలు బలహీనత ఇప్పుడు చెప్తాను. ఒక పెద్ద పని ఉంటే రెండు కోర్లు చాలు. రెండు పెద్ద పనులు ఒకేసారి పడితే మౌస్ కూడా తడబడుతుంది. మీకు తెలియకుండా వెనకాల నడిచే రెండో పని సాధారణంగా విండోస్ అప్‌డేట్ అయినా అయి ఉంటుంది, వైరస్ స్కాన్ అయినా అయి ఉంటుంది.

అప్‌డేట్ సెట్టింగ్స్‌లో యాక్టివ్ అవర్స్ పెట్టుకుని అంతా అయిపోయిందనుకోకండి. అది మధ్యాహ్నం పూట రీస్టార్ట్ కాకుండా ఆపుతుందే గానీ డౌన్‌లోడ్‌నూ ఇన్‌స్టాల్‌నూ ఆపదు. నేను వారం రోజులకు పాజ్ చేసి, ఆదివారం షాపు ఊడ్చుకునే టైంలో రెజ్యూమ్ కొడతాను. డిఫెండర్ స్కాన్‌ను టాస్క్ షెడ్యూలర్‌లోకి వెళ్లి భోజనం వేళకు మార్చాను. కొంతమంది యాంటీవైరస్ మొత్తం తీసేయమని సలహా ఇస్తారు. పది మంది పెన్‌డ్రైవ్‌లు పెట్టే షాపులో అది చేయకూడని పని. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ చూసి, లాగిన్ అవ్వగానే లేచి కూర్చునే టీమ్స్, ఎడ్జ్, ప్రింటర్ కంపెనీ వాళ్ల అసిస్టెంట్లను డిసేబుల్ చేయండి.

పెద్ద పీడీఎఫ్ కుదించడమో, పెళ్లి వీడియో ఫార్మాట్ మార్చడమో తప్పనిసరిగా పక్కన నడవాలంటే దాన్ని మొదలుపెట్టాక టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో ఆ ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రయారిటీని బిలో నార్మల్‌కి మార్చండి. ఆ పని కాస్త ఆలస్యమైనా మీ ముందున్న అప్లికేషన్ ఫామ్ తడబడదు. రెండు కోర్ల సిస్టమ్‌కి ఇంతకు మించిన చిట్కా నాకు తెలియదు. వీడియో ఎన్‌కోడ్ చేసే సాఫ్ట్‌వేర్‌లో క్విక్ సింక్ అనే ఆప్షన్ కనిపిస్తే అది ఎంచుకోండి, బరువు గ్రాఫిక్స్ భాగం మీదికి పోతుంది.

క్రోమ్ సెట్టింగ్స్‌లో పర్ఫార్మెన్స్ దగ్గర మెమరీ సేవర్ ఆన్ చేయండి. ఫామ్ సగం నింపిన సైట్లను మాత్రం మినహాయింపుల్లో పెట్టండి, లేదంటే తిరిగొచ్చేసరికి పేజీ మళ్లీ లోడ్ అవుతుంది, కస్టమర్ మీ ముఖం చూస్తాడు. వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ వరకు ఓకే. వెనకాల బీచ్ బొమ్మ పెట్టుకునే సరదా వద్దు.

యూట్యూబ్ ఆగి ఆగి వస్తుంటే వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నర్డ్స్ చూడండి. కోడెక్ (వీడియోను కుదించిన పద్ధతి) దగ్గర వీపీ09 అనో ఏవీసీ1 అనో ఉంటే దాన్ని చిప్‌లోని గ్రాఫిక్స్ భాగం యూహెచ్‌డీ 610 చూసుకుంటుంది, కోర్లకు శ్రమ లేదు. ఏవీ01 అని ఉంటే ఆ పని మొత్తం కోర్ల నెత్తిన పడుతుంది, ఎందుకంటే ఈ గ్రాఫిక్స్‌కి ఏవీ1 రాదు. యూట్యూబ్ అకౌంట్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ దగ్గర ఏవీ1ని తక్కువ రిజల్యూషన్‌కే పరిమితం చేసే ఆప్షన్ ఉంది.

వేడి

ఇది 58 వాట్ల చిప్, పెట్టెలో వచ్చే ఫ్యానే చాలు. కానీ మే నెలలో నల్గొండలో బయట 44 డిగ్రీలున్నప్పుడు, జిరాక్స్ పక్కన కాగితపు పొడి పీల్చుకుంటూ నడిచే ఫ్యాన్‌కి ఏడాదికోసారైనా శుభ్రం కావాలి. క్యాబినెట్ తీసి, ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి. కూలర్‌కి నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులుంటాయి. సిస్టమ్ రవాణాలో కదిలితే వాటిలో ఒకటి ఊడి పైకి లేస్తుంది, కూలర్ ఒక పక్కకు ఒరుగుతుంది. చిప్ వేడెక్కి తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో పని ఎక్కువున్నప్పుడు కూడా స్పీడ్ 3.7కి బాగా కింద ఉంటే ముందు ఆ పిన్నులు నొక్కి చూడండి. కూలర్ తీసి పెడితే పాత పేస్ట్ తుడిచి కొత్తది వేయాలి.

ఇది చేయలేని పనులు

జీ5400లో పెద్ద లెక్కలు ఒకేసారి చేసే ఏవీఎక్స్ అనే ఇన్‌స్ట్రక్షన్లు లేవు. ఇంటెల్ వాటిని పెంటియం డెస్క్‌టాప్‌కి పన్నెండో తరంలో, జీ7400తో ఇచ్చింది. డీటీపీకి దీంతో సంబంధం లేదు గానీ, బీటెక్ పిల్లలున్న ఇల్లయితే గట్టిగా ఆలోచించండి. మెషీన్ లెర్నింగ్‌కి వాడే టెన్సర్‌ఫ్లో రెడీమేడ్ ప్యాకేజీలు 1.6 వెర్షన్ నుంచి, డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మాంగోడీబీ 5.0 నుంచి ఏవీఎక్స్ అడుగుతాయి. ఇన్‌స్టాల్ అయ్యాక నడవకుండా ఎర్రర్ ఇస్తే పిల్లల తప్పు కాదు, చిప్‌లో అది లేదు. కొన్ని కొత్త గేమ్‌లదీ ఇదే కథ. పెళ్లి వీడియోల ఎడిటింగ్ వృత్తిగా చేసేవాళ్లకు కూడా ఇది వద్దు.

కొత్తగా బోర్డుతో సహా కొనేవాళ్లు అయితే రెండు కోర్లు కొనకండి, ఐ3 12100 దాకా వెళ్లండి. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు వస్తాయి. రెండు కోర్ల సిస్టమ్‌లో న్యాయమైన బేరం అంటే చేతిలో ఉన్నదో, తక్కువ ధరకు దొరికే పాతదో మాత్రమే.

ఉన్న హెచ్310 బోర్డునే ఇంకొన్నేళ్లు లాగాలంటే మాత్రం దారి ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో ఐ5 8400 వెతకండి. అదే సాకెట్, ఆరు కోర్లు, 65 వాట్లే కాబట్టి ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) మార్చక్కర్లేదు. ఆరో తరం, ఏడో తరం చిప్‌లకూ 1151 సాకెట్టే, పిన్నుల సంఖ్య చూసి అమ్మేవాళ్లు ఇవ్వబోతారు. ఈ బోర్డులో అవి పనిచేయవు, తీసుకోకండి. ఐ3 9100 లాంటి తొమ్మిదో తరం చిప్ దొరికితే, పాత పెంటియం బోర్డులో ఉండగానే బోర్డు కంపెనీ సైట్ నుంచి బయాస్ అప్‌డేట్ చేసుకుని, ఆ తర్వాతే చిప్ మార్చండి. బయాస్ రాస్తున్న ఆ రెండు మూడు నిమిషాలు సిస్టమ్ యూపీఎస్ మీదే ఉండాలి. కరెంటు పోతే అప్పుడు బోర్డే మార్చాల్సి వస్తుంది.